బోరు నంబరు 4 రిపోర్టు ఏమైంది సార్? మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మా ఇంటి బోరు నీళ్ళ పరీక్ష రిపోర్టు కోసం ఇది నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ రశీదులున్నాయి. మూడోదాని మీద స్టాంపు సరిగ్గా పడలేదు గానీ తేదీ చదవొచ్చు. మూడుసార్లూ నాలుగైదు రోజుల్లోనే ఫోనుకు మెసేజ్ వచ్చింది, "మీ సమస్య పరిష్కరించబడినది" అని. ఏ సమస్య పరిష్కారమైందో మాకైతే తెలీదు. మీకు తెలిస్తే ఒక్క ముక్క చెప్పించండి, మేమూ సంతోషిస్తాం. అందుకే ఈసారి లైన్లో నిలబడకుండా నలుగురూ చదివేలా రాస్తున్నా.

హైదరాబాద్ చెత్త పోసిన జవహర్‌నగర్ పాత డంపు గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? కోటి టన్నులు దాటిన చెత్త, దాని మీద క్యాపింగ్ (పైన కప్పెయ్యడం), అన్నీ మీ ఫైళ్ళలో ఉన్నవే. ఇప్పటికీ రోజూ దిగే కొత్త చెత్త, వాసన, ఈగలు, అదంతా వేరే పంచాయితీ. దానికోసం కొట్లాడేవాళ్ళు కొట్లాడుతున్నారు. నేనడిగేది పాత గుట్ట కింద భూమిలోకి దిగిన నీళ్ళ గురించి. అంతే.

గుట్ట మీద ప్లాస్టిక్ షీటు పరిచారు, మట్టి పోశారు, గడ్డి పెంచారు. అబద్ధమెందుకు, వానాకాలంలో మా డాబా మీంచి చూస్తే ముచ్చటగానే ఉంటుంది. ఊరి నుంచి చుట్టాలొస్తే "అదేంటి, పార్కా?" అని అడుగుతారు. కానీ సార్, షీటు వేసింది పైన కదా! ఇరవై ఏళ్ళ కింద లారీలు వచ్చి గుమ్మరించే రోజుల్లో అడుగున ఏం పరిచారు? ఉత్త నేల. పైన కప్పితే కొత్త వాన లోపలికి దిగదు, ఒప్పుకుంటా. అప్పటికే చెత్తలో ఊరిన నల్లనీళ్ళ సంగతేంటి? అడుగు లేని కుండకు మూత పెట్టి, నీళ్ళు కారట్లేదంటే ఎట్లా?

గుట్ట పక్కనున్న మల్కారం చెరువు శుద్ధి అని 2022లో పెద్దలొచ్చి పని మొదలుపెట్టారు. చెరువులో నిలిచిన నీళ్ళు తోడి శుద్ధి చేస్తే చెరువు బాగుపడుతుందేమో. చెరువు అడుగున పేరుకున్న నల్ల బురద? దాని కింద రాతి పగుళ్ళలోకి ఎప్పుడో దిగిపోయిన నీళ్ళు? మా దిక్కు అంతా గ్రానైటు రాయి. ఇసుక నేలలో పాకినట్టు నీళ్ళు సమంగా పాకవు, పగులు ఎటుంటే అటు పోతాయి. మా వీధిలో మూడో ఇంటి బోరు ఇప్పటికీ మంచిగుంది. గోడ అవతల మాది పాడైంది. మూడో ఇంట్లో నీళ్ళు చూసి వీధి మొత్తం బాగుందని రాసుకుపోయే సార్లున్నారు, అందుకే ఇంత విడమరిచి చెప్పాల్సి వస్తోంది.

మా బోరు 2009లో వేశాం, 320 అడుగులు. మొదట్లో ఆ నీళ్ళతోనే పప్పు ఉడికేది. ఇప్పుడు రాత్రి బిందెలో పట్టి పొద్దున చూస్తే పైన నూనె తేలినట్టు పొర. వేలు పెడితే నూనెలా మళ్ళీ కలుసుకోదు, పెంకుల్లా ముక్కలైపోతుంది. మా బావమరిది కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాడు. అది నూనె కాదు, ఇనుప తెట్టె అన్నాడు. చెత్త కుళ్ళిన నీళ్ళు దిగిన చోట గాలి అందక రాళ్ళలోని ఇనుము కరిగి పైకొస్తుందట. కారణం అదొక్కటే కాకపోవచ్చు, పరీక్ష చేస్తే తేలుతుంది అని కూడా అన్నాడు. ఆ పరీక్ష కోసమే ఈ తిప్పలన్నీ. వండితే అన్నం పచ్చబడుతుంది. తెల్ల చొక్కాలు తొడగడం నేనెప్పుడో మానేశా. తాగడానికి క్యాన్లు, వాడకానికి ట్యాంకరు. ఇంటి అద్దె తప్పిందని సొంతిల్లు కట్టుకున్నాం, ఇప్పుడు నీళ్ళకు అద్దె కడుతున్నట్టుంది.

పరీక్షే చెయ్యలేదని అనను. గతేడాది ఎండాకాలం ఒక ఆఫీసు నుంచి జీపులో ఇద్దరొచ్చారు. "ఖాళీ సీసా ఏమైనా ఉందా అమ్మా?" అని మా ఆవిడను అడిగారు. శాంపిల్ తీయడానికొచ్చి సీసా మమ్మల్నడిగారు సార్! కూల్‌డ్రింకు సీసా కడిగిచ్చింది. అందులో నీళ్ళు పట్టి, తెల్ల టేపు అంటించి "బోరు-4" అని రాసుకుపోయారు. నెలకు ఫోన్ చేస్తే ల్యాబులో ఉందన్నారు. మూడు నెలలకు, రిపోర్టు వచ్చింది గానీ బయటికివ్వం అన్నారు. ఆరు నెలలకు అసలు మీ ఇల్లే పరిధిలోకి రాదన్నారు.

ఆ పరిధేంటో చదివాను. చెత్త పూడ్చిన జాగా అంచు నుంచి 50 మీటర్ల లోపు భూగర్భజలాన్ని అన్ని కాలాల్లోనూ పరీక్షించాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లో రాశారు. మూసేశాక కనీసం 15 ఏళ్ళు కనిపెట్టుకుని ఉండాలనీ రాశారు. మా ఇల్లు 50 మీటర్లు దాటిన మాట నిజమే. నల్లనీళ్ళు టేపు పట్టుకుని కొలుచుకుంటూ వచ్చి 50 దగ్గర ఆగిపోతాయని రూల్లో ఎక్కడుందో మాత్రం దొరకలేదు. పోనీ, ఆ 50 మీటర్ల లోపు తీసిన లెక్కలైనా మా వార్డు ఆఫీసు గోడకు అంటించారా? అదీ లేదు.

భూమిలో నీళ్ళు బాగుచేయడం రేపటికల్లా అయ్యే పని కాదని తెలుసు. గుట్టకూ ఇళ్ళకూ మధ్య బోర్లు దింపి, చెడ్డ నీళ్ళు తోడి, శుద్ధి చేసి వదిలే పద్ధతి ఉందట. ఏళ్ళు పడుతుందట. పట్టనివ్వండి, మొదలైతే పెట్టండి. ముందు మా రిపోర్టులివ్వండి. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే దారి లేకపోతే 2000 దాకా సర్దుకోవచ్చు, నైట్రేటు 45 దాటొద్దు, ఇవన్నీ మీ తాగునీటి ప్రమాణాల్లోనే ఉన్నాయి. మా బోరు ఎంత? ఆ నాలుగంకెలు చెప్పడానికి ఏడాది ఎందుకు? బాగుంటే బాగుందని రాసివ్వండి, రేపట్నుంచి ట్యాంకరు మాన్పించి ఆ నీళ్ళే వాడతా. బాగోకపోతే బోరుకు ఎర్ర గుర్తు వేసి, బదులుగా రోజూ నల్లా నీళ్ళివ్వండి. ఈ రెండిట్లో ఏదో ఒకటి చెయ్యండి సార్, దండం పెడతా. రిపోర్టు ఇవ్వండి.

మళ్ళీ శాంపిల్ తీయాలంటే ఇబ్బంది లేదు. ఈసారి రెండు లీటర్ల సీసా కడిగి, ఎండబెట్టి, మూత బిగించి మోటారు స్విచ్ పక్కనే పెట్టాం. టేపు కూడా మేమే కొన్నాం.

ఇట్లు,
తమ విధేయుడు,
గుట్ట కింద వీధి, నాలుగో ఇల్లు