చెత్త ఫీజు ఎందుకంటే

అందరికీ నమస్కారం. పుణెకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు "చెత్తకి మళ్ళీ నెలనెలా డబ్బులేంటండీ?" అని అడుగుతున్నారు. ఒక్కసారి చెప్తాను.

రోజూ చెత్త తీసుకోడానికి మన గుమ్మం దగ్గరికి వచ్చే ఆవిడ స్వచ్ఛ్ సహకార సంఘం సభ్యురాలు. ఆ సంఘానికి యజమానులూ ఈ పని చేసే సభ్యులే. ఒకప్పుడు చెత్తకుండీల్లో కాగితాలు, సీసాలు ఏరుకుని అమ్ముకున్న ఆడవాళ్ళే ఎక్కువమంది. 1993లో యూనియన్ పెట్టుకున్నారు. 2008లో కార్పొరేషన్‌తో ఒప్పందం కుదిరాక ఇంటింటి చెత్త పని వీళ్ళ చేతికొచ్చింది. మనమిచ్చే ఫీజు, పొడి చెత్తలో అమ్ముడుపోయే సామాను, ఈ రెండే వాళ్ళ ముఖ్యమైన సంపాదన. రీసైక్లింగ్ అంటే మనకి మెషీన్లే గుర్తొస్తాయి గానీ, ఏరి వేరుచేసేది ఈ చేతులే. ఇదే పని లారీల కాంట్రాక్టరుకి పోతే వీళ్ళ కూడు పోయినట్టే.

మొన్న మా ఫ్లోర్‌లో ఎవరో వాడేసిన డైపర్‌ని చుట్టకుండా అలాగే పడేశారు. ఆవిడ చేత్తోనే తీసింది. చూసి నాకే సిగ్గేసింది. డైపర్లు, ప్యాడ్లు పేపర్లో చుట్టి లోపల ఏముందో తెలిసేలా పైన ఎర్ర చుక్క పెట్టండి, ప్లీజ్. పగిలిన గాజు కూడా విడిగా ఇవ్వండి.

ఈ నెల ఫీజు బాకీ ఉన్నవాళ్ళు రేపు పొద్దున ఆవిడ చేతికే ఇచ్చేయండి.