నల్లగొండ చిత్రకారులకు సొంత గ్యాలరీ కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఫ్లెక్సీలు వచ్చాక మా నల్లగొండలో సైన్‌బోర్డులు రాసేవాళ్లకు పని పోయింది. వాళ్లలో కొందరు ఇప్పటికీ రాత్రిళ్లు కాన్వాసు మీద పానగల్లు ఉదయసముద్రం చెరువు, పచ్చల సోమేశ్వరాలయం స్తంభాల మీది శిల్పాలు గీస్తూనే ఉన్నారు. ఎంత బాగుంటాయో! చూసే దిక్కు లేక అవి బీరువా వెనక దుమ్ము పట్టిపోతున్నాయి. హైదరాబాద్‌లో ప్రదర్శన పెట్టాలంటే హాలు అద్దె, ఫ్రేములు, రవాణా కలిపి తడిసి మోపెడవుతుంది.

ఉమ్మడి జిల్లాలోనే పోచంపల్లి నేతన్నలు సహకార సంఘం పెట్టుకుని తమ బట్టను అమ్ముకుంటున్నారు. చిత్రకారులూ అలాగే సంఘం పెట్టుకుని సొంత గ్యాలరీ నడుపుకోవచ్చు. అలాంటి సంఘం పెట్టుకోవడానికి 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉండనే ఉంది. సభ్యులు నెలనెలా కొంత చందా వేసుకుని, వంతులవారీగా గ్యాలరీలో కూర్చుంటే జీతగాడి ఖర్చు ఉండదు. అమ్ముడైన బొమ్మ మీద చిన్న కమీషన్ కరెంటు బిల్లుకు సరిపోతుంది. ఏ బొమ్మ గోడకెక్కాలో మాత్రం సభ్యులే తేల్చుకోవాలి, నాయకుల సిఫార్సులు అస్సలు వద్దు.

పట్టణంలో ఖాళీగా ఉన్న ప్రభుత్వ భవనం ఒకటి నామమాత్రపు అద్దెకు ఐదేళ్ల పాటు ఇప్పించాలని కలెక్టర్ గారిని కోరుతున్నాను.

- ఒక డ్రాయింగ్ టీచర్, నల్లగొండ