అద్దం లోపల్నుంచి రాయి, అబ్బీ

కడప,
ఆదివారం పొద్దున

అబ్బీ,

నీ ఉత్తరం అంది మూడు వారాలయింది, ఇప్పుడు జవాబు రాస్తాండా, క్షమించు. ఇంట్లో అందరం బాగుండాం. అమ్మకు మోకాళ్ళ నొప్పి రవ్వంత నయం. చిన్నోడు తొమ్మిదో తరగతికి వచ్చినాడు. మిగతావి మళ్ళా రాస్తా, ఇప్పుడు ఆగలేను. బట్టలంగడి అద్దం మీద నువ్వు రాసిన అక్షరాలు పెచ్చులు లేచినాయని ఫోటో పంపినావే, అది చూసినప్పటి నుంచీ అదే తలలో తిరుగుతాండాది.

రంగు కల్తీదని రాసినావు. కాదు అబ్బీ. ఫోటో ఇంకోసారి చూడు. పెచ్చులు లేచింది కింది వరసలో, అదీ తలుపు పక్కన. పై వరస గట్టిగానే ఉండాది. రంగూ అదే, బ్రష్షూ అదే, రాసిన రోజూ అదే. రంగే చెడ్డదయితే పైన కూడా లేయాల కదా? తలుపు పక్కన కిందికి ఏం తగుల్తాదో ఆలోచించు. రోజూ అంగడి తెరవగానే సాంబ్రాణి, అగరొత్తుల పొగ. గడపకు పసుపు కుంకుమ పెట్టిన వేళ్ళు. తలుపు తోసే వాళ్ళందరి అరచేతుల జిడ్డు. కంటికి అద్దం తళతళా కనపడుతుంది గానీ దాని మీద నూనె పొర ఉంటాది. నీ రంగు అద్దాన్ని పట్టుకోలేదు, ఆ పొరను పట్టుకునింది. పొర జారింది, దాంతో పాటు అక్షరం పోయింది.

కాబట్టి కడగడం దగ్గర తొందర పడొద్దు. ఒక బకెట్టు నీళ్ళకు గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగైదు చుక్కలు, అంతే. నురగ ఎక్కువయితే ఆ సబ్బే ఇంకో పొరగా మిగుల్తాది. పాత స్టిక్కరు జిగురు ఉంటే బాగా తడిపి, బ్లేడు పడుకోబెట్టినట్టు పట్టుకుని ఒకే వైపు తోయి, వెనక్కి లాగొద్దు. అద్దం మూలన చిన్న ముద్ర ఉండాదేమో ముందే చూడు. ఉంటే అది టఫెన్డ్ అద్దం, అంటే వేడి చేసి గట్టిపరిచింది, దాని మీద బ్లేడుతో గీకితే సన్నటి గీతలు పడొచ్చు. అట్లాంటి చోట టర్పెంటైన్ గుడ్డ అంటించి పది నిమిషాలు నానబెట్టి, పాత ఏటీఎం కార్డుతో తీయి. టర్పెంటైన్ కూడా జిడ్డు మిగిల్చి పోతాది, అందుకని మళ్ళా సబ్బునీళ్ళు, ఆ పైన రెండుసార్లు మంచినీళ్ళు. ఆఖర్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒక తుడుపు. మందులంగట్లో ఉత్త స్పిరిట్ అని అడగొద్దు, సర్జికల్ స్పిరిట్‌లో ఆముదం కలిసిన రకం ఉంటాది. సీసా మీద పేరు చదివి తీసుకో. గుడ్డ నాలుగుసార్లు ఉతికిన పాత నూలుదయితే మేలు. కొత్త గుడ్డలో గంజి ఉంటాది.

కడిగినాక పరీక్ష ఒకటుంది. నీళ్ళు చిలకరించు. పల్చటి తెరలాగా పరుచుకుంటే అద్దం తయారు. ముత్యాల్లాగా విడివిడిగా నిలబడితే జిడ్డు ఉన్నట్టే, మళ్ళా కడుగు. ఈ పరీక్ష పాస్ కాకుండా బ్రష్షు ముట్టొద్దు. మూడో బెంచీ మీద ఒట్టు.

సరే, ఇప్పుడు అసలు సంగతి. ఇది చెప్పడానికే కూర్చున్నా.

నువ్వు బయటివైపు రాసినావు. ఏసీ ఉన్న అంగడికి గాలిలో తేమ ఉన్న రోజుల్లో అద్దం బయటివైపే చెమర్చుతుంది, వాన సరేసరి, పైగా వచ్చే పోయే వాళ్ళ చేతులు. లోపల్నుంచి రాయి. లోపల వానా లేదు, దుమ్మూ లేదు, రంగు అద్దం వెనకాల దాక్కుంటాది, రోడ్డు మీది మనిషికి మెరుస్తా కనపడుతుంది. ముందు ఒకటి చూసుకో: లోపలివైపు ఎండ ఫిల్ము అతికించి ఉండాదేమో. అంచు దగ్గర గోరు పెట్టి చూస్తే తెలుస్తాది. ఫిల్ము ఉంటే దాని మీద రాయొద్దు, బ్లేడు పెట్టొద్దు, టర్పెంటైన్ అసలే వద్దు. అప్పుడు మాత్రం బయటే రాయి, గోడకు వాడే ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ తీసుకో.

లోపల్నుంచి అంటే తెలుగు అంతా కుడి ఎడమలు తిరగేసి రాయాల. ఇక్కడే చెయ్యి మోసం చేస్తాది. ఎక్కువ గీతలున్న అక్షరం దగ్గర జాగ్రత్తగానే ఉంటాం, తప్పు పడేది సులువైన అక్షరం దగ్గర. ‘గ’ ఒళ్ళు చూడు, ‘ర’ ఒళ్ళు చూడు. ఎటు తిప్పినా దాదాపు ఒకటే. తిరిగిందని చెప్పేది తలకట్టు ఒక్కటే. ఒళ్ళు గీసి నెమ్మదించేసరికి చెయ్యి అలవాటు కొద్దీ తలకట్టు కుడికి లాగేస్తాది. ఎడమకు లాగాల. దీర్ఘం ఎడమకు పోతాది. ‘క్ర’లో రావొత్తు మామూలుగా ఎడమ నుంచి చుట్టుకుంటాది కదా, అది కుడికి వస్తాది. అంకెల్లో సున్నా, ఎనిమిది బాధ పెట్టవు. 2, 5 ఒకదాని మాదిరి ఇంకోటి కనపడి ముంచుతాయి. శాతం గుర్తులో అడ్డగీత ఎటు వాలాలో మరిచిపోయేవాళ్ళు చానామంది.

అందుకని తలతో తిప్పే పని పెట్టుకోవద్దు, కాగితంతో తిప్పు. నిలువెత్తు బటర్ పేపర్ మీద మామూలుగా, సరిగా చదివేటట్టు మాటంతా గీయి, నల్ల స్కెచ్‌పెన్నుతో దిద్దు. ఆ కాగితాన్ని అద్దం బయటివైపు అతికించు, *బొమ్మ రోడ్డు వైపుకు ఉండాల*. లోపల నిలబడితే వెలుతురుకు కాగితంలోంచి గీతలన్నీ తిరగబడి కనపడతాయి. వాటి మీదనే బ్రష్షు పోనీ. తలకట్టు గొడవ లేదు, రావొత్తు గొడవ లేదు. కానీ బొమ్మ అద్దం వైపుకు పెట్టి అతికిస్తే లోపల్నుంచి మాట చక్కగా, సరిగా చదువుతాది. బాగుండాదని రాసేస్తావు, బయటికి పోయి చూస్తే అంతా కుడి ఎడమలు తిరగబడి ఉంటాది. రాసే ముందు లోపల నిలబడి చదువు. చదవడానికి కష్టంగా ఉంటేనే నువ్వు సరిగా అతికించినట్టు.

ఇంకోటి. పెద్ద అంగళ్ళ అద్దం 10, 12 మిల్లీమీటర్ల మందం ఉంటాది. కాగితం ఆ పక్క, నీ బ్రష్షు ఈ పక్క. పక్కనుంచి వాలి చూస్తే గీత జరుగుతాది. తల కూడా బ్రష్షుతో పాటు జరపాల, గీత ఎదురుగానే కన్ను ఉండాల. సన్నగీతల దగ్గర ఒక కన్ను మూసుకో.

పొద్దు గూకినాక ఈ పద్ధతి కుదరదు, కాగితం వెనక వెలుతురు ఉండదు కాబట్టి. అప్పుడు ఖాకీ కాగితం మీద గీసి, గీతల వెంబడి రెండు మూడు మిల్లీమీటర్లకొకటి సూది బెజ్జాలు పొడువు. కాగితం తిరగేసి లోపలివైపు అద్దానికి అతికించి, పల్చటి గుడ్డలో సుద్దపొడి మూట కట్టి మెత్తగా తట్టు. చుక్కలు దిగుతాయి. ఎక్కువైన పొడి ఊదెయ్యి, పొడి మీద రంగు నిలవదు. ఈ కాగితం దాచిపెట్టుకో. ఆషాఢం తగ్గింపు ధరలని ఈ సంవత్సరం రాస్తే వచ్చే ఆషాఢానికి అంకె ఒక్కటే మారుతాది.

తర్వాత రంగుల వరస. బయట రాసేటప్పుడు ముందు తెలుపు, దాని మీద రంగు, ఆఖర్న అంచు గీత. లోపల అంతా తారుమారు. రోడ్డు మీది మనిషికి ఏది అన్నిటికంటే ముందు కనపడాలో దాన్ని ముందు వెయ్యి. మెరుపు గీతలు, అంచు గీతలు మొదట. అవి ఆరినాక అక్షరంలో రంగు. తర్వాత నీడ. అన్నిటికీ వెనకాల తెలుపు, రెండు పూతలు. ఆ తెలుపు లేకపోతే ఎరుపు, పసుపు పగలు మసకగా ఉంటాయి, రాత్రి లోపల లైట్లు వేస్తే బ్రష్షు చారలన్నీ బయట పడతాయి. నాలుగంగుళాల స్పాంజి రోలరుతో వెనక తెలుపు వేస్తే చారలు రావు. లైట్లు వేయించి, బయటికి పోయి చూసి, సూది బెజ్జాలంత వెలుతురు యాడ వస్తాండాదో అక్కడ తెలుపు తాకించు.

నల్ల అంచు మీద నీకు మక్కువని తెలుసు, కానీ అద్దం మీద వద్దు. పగలు రోడ్డు నుంచి చూస్తే అంగడి లోపలంతా చీకటిగా కనపడుతుంది, నలుపు అందులో కలిసిపోతాది. తెల్ల అంచు, పసుపు అంచు పెట్టు. పడమటి ఎండ తగిలే మామూలు అద్దం మీద పెద్ద నల్లపట్టీ అయితే అసలు వేయొద్దు. రంగు వేసిన చోట బాగా వేడెక్కి, అంచు చల్లగా ఉండి, అద్దమే పగలొచ్చు. ఎరుపు కోసం తెల్ల ఎమల్షన్‌లో స్టెయినర్, అదే రంగు మార్చే చిక్కటి ద్రవం, పోస్తే గులాబీ రంగే వస్తాది, ఎంత పోసినా అంతే. ఫెవిక్రిల్ మాదిరి ఎక్రిలిక్ ఎరుపు సీసా కొనుక్కో. పదిరోజుల సేల్ అయితే పోస్టర్ కలర్ చాలు, 100 మిల్లీలీటర్లకు గిన్నెల లిక్విడ్ మూడు చుక్కలు కలిపితే అద్దాన్ని బాగా అంటుతాది, ఆ తర్వాత సులువుగా వస్తాది. అంగట్లో తుడిచే పిల్లోడికి మాత్రం చెప్పిపెట్టు, తడిగుడ్డ తగిల్తే అంతా పోతాది.

మందంగా ఒక్క పూత వేసి గెలుద్దామనుకోవద్దు. పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉంటాది, ఆరేటప్పుడు పగిలి అంచులు లేస్తాయి. మొదటి పూత ఆరకముందే రెండోది రాస్తే బ్రష్షు కింది దాన్ని కూడా పెకిలిస్తాది. వడియాల అవ్వ లెక్క గుర్తుందిగా? పల్చగా పెట్టు, ఎండనీ, అప్పుడు మళ్ళా. (ఆ రోజు మేడ మీద జరిగింది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.) ఎండాకాలం మన తావ పడమటి అద్దం మధ్యాహ్నం ముట్టుకోలేం, రంగు బ్రష్షు కొసనే ఆరిపోతాది. అట్లాంటివి పొద్దున పదిలోపల ముగించు. మాస్కింగ్ టేపు రంగు పచ్చిగా ఉన్నప్పుడే, ఏటవాలుగా లాగు. ఆరినాక లాగితే అక్షరం అంచు కూడా చిరిగి వస్తాది.

అక్షరం సైజు అడిగినావు. పదడుగుల దూరానికి అంగుళం లెక్కన పెట్టుకో. నలభై అడుగుల రోడ్డు అవతలి మనిషికి నాలుగంగుళాలు. తెలుగుకు ఆ నాలుగూ ఒళ్ళుకే, తలకట్టుకూ ఒత్తుకూ వేరే జాగా. ఒత్తులున్న మాట కింద ఇంకో వరస రాసేటప్పుడు కనీసం సగం ఎత్తు ఖాళీ వదులు. ఇక్కడ వై.వి. వీధి మాదిరి మనుషులు ఆనుకుని నడిచే చోట నాలుగంగుళాలు చాలు. ఇంకా పెద్దగా రాస్తే దగ్గరివాడికి ముక్కలే కనపడతాయి. కంటి ఎత్తులో, ఐదడుగుల చుట్టూ, అద్దం ఖాళీగా వదిలిపెట్టు. లోపలి చీరలు కనపడకపోతే అంగడాయన నిన్ను మళ్ళా పిలవడు.

డబ్బు సంగతి తొందరగా చెప్తా. చదరపు అడుగు లెక్క ఒక్కటే పెట్టుకుంటే నష్టపోతావు. చిన్న అద్దానికీ పోయిరావడం, కడగడం, కాగితం గీయడం అంతే పని. కనీస చార్జీ ఒకటి, దాని పైన అడుగుల లెక్క, నిచ్చెన ఎత్తుకు వేరే, చెరపడానికి వేరే. ఆరడుగులకు నాలుగు అంటే 24 చదరపు అడుగులు, అక్షరాలు సగమే ఉన్నా కడిగేది మొత్తం, కాబట్టి మొత్తానికీ లెక్క కట్టు. అంత అద్దానికి వెనక తెలుపు రెండు పూతలకు పావు లీటరు దాకా పోతాది. కడగడం, ఆరడం కలిపి ఐదు గంటలు వేసుకో. సగం అడ్వాన్సు. మాట మొత్తం కాగితం మీద రాసి, అంగడాయనతో చదివించి, సంతకం పెట్టించుకో. అక్షరదోషం రాసిన తర్వాత అది నీదే అంటారు. కడగక ముందు అద్దం ఫోటో తీసుకో, పాత గీతలు నీ మీదికి రాకుండా. సంవత్సరానికి 20 లక్షలు దాటేదాకా నీ పనికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, దాని గురించి ఇప్పుడే నిద్ర పాడు చేసుకోవద్దు.

చెరపడం రాతంత ముఖ్యం అబ్బీ. పండగ పోయి నెల అయినా దసరా ఆఫరు అద్దం మీదే ఉంటే ఆ అంగడి పాతబడినట్టు కనపడుతుంది. తేదీ ముందే రాసిపెట్టు. సబ్బునీళ్ళు చల్లి ఐదు, పది నిమిషాలు నాననిచ్చి, ఒకే వైపు తోసుకుంటా పో. ఆ రోజే తరువాతి పండగ మాట అడుగు. అద్దం ఖాళీగా కనపడుతున్నప్పుడే ఆయనకు ఆశ పుడుతుంది. మీ ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళకు తక్కువా? అక్షయ తృతీయ, శ్రావణం పెళ్ళిళ్ళు, దసరా, దీపావళి… ఒక్క వీధి చాలు నీకు సంవత్సరమంతా. ఫ్లెక్సీలు వచ్చినాక చేత్తో రాసేవాళ్ళ పని ఎంత తగ్గిందో ఇద్దరికీ తెలుసు. కానీ నీ చేతి ‘శ్రీ’ని ఏ మిషనూ దించలేదు. నాకు ఆ నమ్మకం గట్టిగా ఉంది, ఇంకా ఏమనుకున్నానంటే నువ్వు ఆ నల్లమల…

అదిగో, మీ ఊరికి పోయే ఆయన వచ్చి వాకిట్లో నిలబడినాడు, బస్సుకు టైమయిందంట. బటర్ పేపర్ చుట్ట, ఎరుపు సీసా ఒకటి ఆయన చేతికిస్తాండా. ఆ బట్టలంగడాయన దగ్గరికి నువ్వే పోయి, కింది వరస ఊరికే మళ్ళా రాసిస్తానని చెప్పు. బొమ్మ రోడ్డు వైపుకు!

నీ
మూడో బెంచీ