బీలీ దారిలో నీలం తాడు కట్టిన పెద్దావిడకు

పోయిన ఆదివారం ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో, బీలీ ఊళ్ళో పబ్‌లో భోజనం చేసి, నేనూ మా ఆవిడా చాట్స్‌వర్త్ హౌస్ అనే పాతకాలపు పెద్ద భవంతికి నడక మొదలుపెట్టాం. పొలం దాటి, డెర్వెంట్ నది మీది వంతెన దాటి పార్కులో అడుగుపెట్టామో లేదో, నా కుడి బూటు సోల్ ఊడి బురదలో నోరు తెరిచింది. "చవగ్గా వచ్చిందన్నారుగా" అని మా ఆవిడ ఒక్క మాటే అంది.

అప్పుడే మీరు కుక్కతో ఎదురొచ్చారు. అడక్కముందే కోటు జేబులోంచి గడ్డిమోపులు కట్టే నీలం తాడు తీసి, బురదలోనే మోకాలు ఆనించి, బూటుకి నాలుగు చుట్లు చుట్టి ముడేశారు. నేను కట్టుకుంటానండీ అన్నా వినలేదు. ఏటి ఒడ్డు వదలొద్దని, పాడుబడ్డ మిల్లు దగ్గర జారుతుందని చెప్పి, పేరు అడిగేలోపే వెళ్ళిపోయారు.

ఆ తాడుతోనే ఆ భవంతి తోటలోని ఎంపరర్ ఫౌంటెన్ దాకా వెళ్ళాం. రష్యా చక్రవర్తి వస్తాడని 1844లో కట్టించారు, ఆయన రానేలేదు. మోటారు లేదు, కొండ మీది చెరువు నీళ్ళ ఒత్తిడితోనే ఎగజిమ్ముతుంది. చక్రవర్తి చూడనిది మీ పుణ్యమా అని మేం చూశాం.

ముడి మాత్రం ఊడిరాలేదు, ఇంటికొచ్చాక కత్తెరతో కోశాను. చాలా థాంక్సండీ.