వార్షిక నివేదిక: నోటిమాటను కాగితం మీదికి తెచ్చే పని

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనిలో సింహభాగం దివ్యాంగులైన పిల్లల తల్లిదండ్రుల చేత ఉత్తరాలు రాయించడమే. "మా దగ్గర స్పెషల్ టీచర్ లేరండీ, ఇంకో స్కూలు చూసుకోండి" అన్న మాట స్కూళ్ల నుంచి నోటితోనే వస్తుంది, కాగితం మీద రాదు. రాసిస్తే, వివక్ష లేకుండా చేర్చుకోవాలనే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ అడ్డొస్తుంది మరి. అందుకే అడ్మిషన్ దరఖాస్తు రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదానిమీద స్కూలు ముద్ర, తేదీ, సంతకం వేయించుకోమని చెబుతూ వచ్చాం. వెయ్యమంటే వెయ్యకపోతే అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి.

మనవాళ్లు ఎక్కువగా తడబడింది కనీసం 40 శాతం వైకల్యం ఉండాలనే షరతు దగ్గర. 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య కోరే 31వ సెక్షన్‌కే ఆ శాతం కావాలి. 16వ సెక్షన్‌కు అక్కర్లేదు. పైగా అది ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు స్కూళ్లకూ వర్తిస్తుంది. "మాది ప్రైవేటు" అనే జవాబు చెల్లదు.

స్కూలు కదలకపోతే జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయంలోని నోడల్ అధికారికి రాయాలి. 2017 నిబంధనల ప్రకారం ఆ బాధ్యుడు అక్కడ ఉండాలి. ఆ తర్వాతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్. కమిషనర్ సిఫారసు చేస్తే ఆ శాఖ ఏం చేసిందో మూడు నెలల్లో చెప్పాలి. నేరుగా పైకి వెళ్లిన అర్జీలు "కింద అడిగారా?" అన్న ప్రశ్నతో తిరిగొస్తాయి. ఒకే కాగితంలో ఫీజు, ర్యాంపు, టీచరు, బస్సు అన్నీ కలిపేస్తే ఏ ఒక్కటీ తేలదు. ఒక్కో ఉత్తరానికి ఒక్కటే కోరిక.

డిస్లెక్సియా వంటి అభ్యసన లోపాలకు సర్టిఫికెట్ 8 ఏళ్లు నిండాకే ఇస్తారు. 14, 18 ఏళ్లకు మళ్లీ పరీక్షించుకోవాలి. సీబీఎస్‌ఈలో మూడు గంటల పరీక్షకు గంట అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు ఉంటారు కానీ, స్కూలు ద్వారా ముందుగానే అడగాలి. మాకు ఫోన్లు మాత్రం హాల్‌టికెట్లు వచ్చాక మొదలవుతాయి!

ఐఈపీ (ఒక్కో బిడ్డకు విడిగా రాసే విద్యా ప్రణాళిక) గురించి రెండు మాటలు. అమెరికాలోలాగా అది చట్టబద్ధ హక్కని చదివి వచ్చిన వాళ్లున్నారు. మన చట్టంలో ఆ పేరు లేదు, "అవసరమైన సహాయం" అనే ఉంది. అయినా రాయించుకోవడం మంచిదే. "లెక్కలు మెరుగుపడాలి" అని రాస్తే దేన్నీ కొలవలేం. "మూడు నెలల్లో, 20 లోపు కూడికలు పదింటిలో ఎనిమిది సాయం లేకుండా చేయాలి" అని ఉంటే టీచర్ మారినా లెక్క నిలుస్తుంది.

బోయిన్‌పల్లిలోని మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీకి పిల్లల సామర్థ్యం అంచనా కోసం వెళ్లేవాళ్లు పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టుకోండి. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు.

వచ్చే ఏడాది పని సంరక్షకత్వం మీద. 18 దాటాక కన్నవాళ్లు తమంతట తాము చట్టపరమైన సంరక్షకులు కారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలి. 17 నిండిన పిల్లలున్నవాళ్లు కార్యదర్శికి పేరివ్వండి.