దవడ కొత్తగా నిర్మించాక రోగిని ఎవరు చూస్తారు? ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. గుట్కా, ఖైనీ, జర్దా నమిలే అలవాటుతో నోటి క్యాన్సర్ బారిన పడి, దవడ ఎముకలో కొంత భాగం తీసివేయవలసి వచ్చిన వారికి, మోకాలి కింద పక్కగా ఉండే సన్నని ఎముకను దాని రక్తనాళాలు, కొంత కండతో సహా తీసి, దవడ ఆకారానికి మలిచి, మెడలోని నాళాలతో కలిపి అమరుస్తున్నాం. 1989లో వైద్యలోకం ముందుకు వచ్చిన ఈ పద్ధతి ఈనాడు మన రాష్ట్రంలోనూ అందుతోంది. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచడం పేదలకు పెద్ద ఊరట. అయితే ఈ రోగులకు అసలు గండం ఆపరేషన్ థియేటర్ దాటాకే ఉంటుంది.

అతికిన నాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మొదటి 72 గంటల్లోనే ఎక్కువ. సిర మూసుకుంటే అమర్చిన కండ నీలంగా కమిలి ఉబ్బుతుంది. ధమని మూసుకుంటే పాలిపోయి చల్లబడుతుంది. ఆ మార్పును వెంటనే పసిగట్టి రోగిని తిరిగి థియేటర్‌కు తీసుకువెళితే చాలాసార్లు కాపాడగలం, ఉదయం రౌండ్ల దాకా ఆగితే ఎముకా దక్కదు, కాలికి పెట్టిన కోతా వృథా అవుతుంది. గొంతులో గొట్టం ఉన్న రోగి నోటితో చెప్పుకోలేడు. గంటగంటకూ చూడమని కేస్ షీట్‌లో రాసి, వార్డు మొత్తాన్ని రాత్రిపూట ఒక్క నర్సుకు అప్పగిస్తే ఆమె మాత్రం ఏం చేయగలదు? ఈ పనిలో తర్ఫీదు పొందిన నర్సులను ఆ మూడు రోజులూ ప్రత్యేకంగా కేటాయించాలని నా మొదటి విన్నపం.

రెండవది పళ్ల విషయం. చాలామందికి ఆపరేషన్ తర్వాత ఆరు వారాల్లోపే రేడియేషన్ మొదలుపెట్టాలి. పాడైన పళ్లను అంతకు కనీసం రెండు వారాల ముందే తీసివేయకపోతే, ఏళ్ల తర్వాత పన్ను పీకించుకున్నా గాయం మానక దవడ ఎముక చచ్చుబడవచ్చు. ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ అయిన దంత పరీక్ష రేడియేషన్‌కు ముందు తప్పనిసరి కావాలి.

నోరు బిగుసుకుపోకుండా వ్యాయామాలు నేర్పేవారు, ముక్కు గొట్టం ద్వారా ఇంట్లో ఏ ఆహారం ఎలా పట్టాలో చెప్పేవారు, పొగాకు మాన్పించే సలహాదారులు కూడా చికిత్సలో భాగమే. ఆరోగ్యశ్రీ ప్యాకేజీని సవరించేటప్పుడు వీటన్నిటికీ విడిగా నిధులు చూపి, ఏ ఆసుపత్రిలో ఎందరికి ఏ ఇబ్బంది తలెత్తిందో నమోదు చేయించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు
దవడ, ముఖ శస్త్రచికిత్స వైద్యుడు,
వరంగల్