2023–24 వార్షిక నివేదిక: అక్కినేని శతజయంతి, విజయనగరం పాట

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవడం మన విజయనగరం సంఘం ఆనవాయితీ. చదువుతూ ఉండగా వెనక వరసలో కునుకు తీయడమూ ఆనవాయితీయే. అందుకని ఈసారి ముందే అచ్చు వేయించి చేతికిస్తున్నాం. జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా ఇస్తారు. హాలు అద్దె, మైకు సెట్టు బాడుగ కలిసి చందాల్లో పెద్ద ముక్కే తినేశాయని మాత్రం ఇక్కడ చెప్పి వదిలేస్తాను.

ఈ ఏడాది కార్యక్రమాలన్నీ అక్కినేని నాగేశ్వరరావు గారి చుట్టూ తిరిగాయి. ఎందుకు తిరిగాయో చెప్పాలంటే పోయిన సమావేశంలో జరిగిన గొడవ గుర్తు చేయాలి. శతజయంతి జరుపుదామన్న ప్రతిపాదన రాగానే మన పెద్దాయనొకరు లేచి, "ఆయనది కృష్ణా జిల్లా. ఉన్నది మద్రాసు, పోయింది హైదరాబాదు. మనూరికీ ఆయనకీ ఏటి సంబంధం బాబూ?" అని అడిగారు. ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. తీర్మానం మాత్రం చేతులెత్తి గెలిపించేశాం. ఆయన ప్రశ్నకు జవాబు వెతకడమే ఏడాదంతా మా పని అయింది.

మొదటి సభ 2023 సెప్టెంబరు 20న. అదే రోజు హైదరాబాదులో అన్నపూర్ణ స్టూడియోలో ఆయన విగ్రహం ఆవిష్కరించారు. మన దగ్గర విగ్రహం లేదు, ఫొటోకు దండ వేశాం. గుడివాడ దగ్గర రామాపురంలో రైతు కుటుంబంలో పుట్టడం, చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోవడం, నాటకాల్లో ఆడవేషాలు కట్టడం, బెజవాడ రైల్వే స్టేషన్లో దర్శక నిర్మాత ఘంటసాల బలరామయ్య కంట పడడం, 1944లో 'సీతారామ జననం'లో రాముడు కావడం, ఇవన్నీ వక్త చక్కగా చెప్పారు. హరిశ్చంద్ర, కనకతార నాటకాల్లో స్త్రీ పాత్రలు వేసిన కుర్రాడు తర్వాత ముప్ఫై ఏళ్ళు ప్రేమికుడి వేషానికి పెట్టింది పేరయ్యాడు. ఆడవేషంలో నేర్చిన నడక, చూపు, చేతి వాటం ఆయన్ను వదల్లేదని నా అభిప్రాయం. మిగతా హీరోలు నాయిక కేసి చూస్తారు. ఈయన చూసి, తల దించుకుంటారు. సభలో కొందరు దీన్ని ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా నివేదిక రాసేది నేను కాబట్టి రాస్తున్నాను.

అక్టోబరులో ఏ కార్యక్రమమూ జరగలేదు. 29వ తేదీ రాత్రి కంటకాపల్లి దగ్గర రైళ్ళు ఢీకొన్నాయి. పైడితల్లమ్మ సిరిమాను సంబరం ముంగిట ఊరంతా గొల్లుమంది. మనవాళ్ళు చేతనైనవాళ్ళు రక్తం ఇచ్చి వచ్చారు. ఆ నెల పాటల సాయంత్రాన్ని నవంబరుకు జరిపాం.

పెద్దాయన ప్రశ్నకు జవాబు దొరికింది ఆ నవంబరు సాయంత్రమే.

తొలి సినిమాల్లో నాగేశ్వరరావు గారు తన పాటలు తానే పాడుకునేవారు. 1948లో 'బాలరాజు' నాటికి ఆయనకు ఘంటసాల వెంకటేశ్వరరావు గొంతు అమరింది. ఘంటసాల కూడా గుడివాడ ప్రాంతం వాడే, అయితే ఆ గొంతు సాన పట్టింది మన ఊళ్ళో. ఉంగరం అమ్ముకుని రైలెక్కి వచ్చాడు. మన వీధుల్లో జోలె పట్టి మధూకరం ఎత్తుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర కూర్చుని సంగీతం నేర్చుకున్నాడు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షుడుగా 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలలో చదివాడు. ఆ కుర్రాడికి ఆ రోజుల్లో అన్నం పెట్టిన గడపల వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఈ ఊళ్ళో ఉండి ఉంటారు. ఏ గడపో ఎవరికీ తెలియదు కానీ, "మా ముత్తవ్వే పెట్టింది" అని సభలో కనీసం ముగ్గురు గట్టిగా చెప్పారు. ఎవరినీ కాదనలేదు.

ఇక సుశీలమ్మ సంగతి వేరే చెప్పాలా? 1935లో ఇక్కడే పుట్టి, ఇదే కళాశాలలో నేర్చి, మద్రాసు వెళ్ళారు. 'మూగమనసులు'లో పడవ నడిపే గోపిగా వేసిన నాగేశ్వరరావు గారికి ఘంటసాల, సావిత్రికి సుశీల పాడిన యుగళగీతం మనవాళ్ళు ఆ సాయంత్రం పాడారు. పాడిన అమ్మాయి డిగ్రీ చదువుతోంది. మైకు మధ్యలో గురగురలాడి ఆగిపోయింది. అమ్మాయి ఆపలేదు. ముందు వరసల వాళ్ళు పల్లవి అందుకోవడంతో మైకు మళ్ళీ పలికేసరికి దాని అవసరమే తీరిపోయింది.

సాలూరు పక్క శివరామపురం వాడు సాలూరి రాజేశ్వరరావు. 1964లో 'డాక్టర్ చక్రవర్తి'కి బాణీలు కట్టింది ఆయనే. మొదటి నంది పురస్కారాల్లో ఉత్తమ చిత్రం అదే. అందులో శ్రీశ్రీ రాసిన 'మనసున మనసై' పాట నాగేశ్వరరావు గారి మీద వస్తుంది. రాసినది విశాఖ వాడు, బాణీ సాలూరు వాడిది, పాడినవాడు మన మధూకరం కుర్రాడు. తెర మీద కనిపించేది మాత్రం రామాపురం మనిషి.

ఆ సాయంత్రం ఎక్కువసేపు చర్చ నడిచింది 'మాయాబజార్' పడవ పాట మీద. 1957 నాటి ఆ సినిమాకు మొదట రాజేశ్వరరావు గారే కుదిరారు. ఈ పాటతో సహా కొన్ని బాణీలు కట్టి తప్పుకుంటే, మిగతా భారమంతా ఘంటసాల మోశారు. వెన్నెల్లో పడవ కదులుతుంది. మొదట అభిమన్యుడు, శశిరేఖ. తర్వాత కృష్ణుడు, రుక్మిణి. చివరికి బలరాముడు, రేవతి. అభిమన్యుడు నాగేశ్వరరావు, కృష్ణుడు రామారావు, బలరాముడు గుమ్మడి. ముగ్గురు మగవాళ్ళకూ ఘంటసాల గొంతే, ముగ్గురు ఆడవాళ్ళకూ పి. లీల గొంతే. మన సంఘంలో రామారావు గారి వర్గం ఒకటి, నాగేశ్వరరావు గారి వర్గం ఒకటి ఉన్నాయని అందరికీ తెలుసు. టీ కూడా వేరువేరుగా తాగుతారు. ఆ పాట మూడుసార్లు వేసి వినిపించాం. అభిమన్యుడికి పాడినప్పుడు గొంతు కాస్త నాజూగ్గా, కృష్ణుడికి వచ్చేసరికి కాస్త నిండుగా ఉందని ఒక వర్గం. అదంతా మన చెవుల భ్రమ, కంటికి కనిపించే మొహాన్ని బట్టి మనమే మార్చి వింటున్నామని రెండో వర్గం. కళ్ళు మూసుకుని నాలుగోసారి విన్నాం. ఎటూ తేలలేదు. ఎవరి వర్గం ఏది వాదించిందో చెప్పను, ఆశ్చర్యపోతారు.

అయితే ప్రశ్న వేసిన పెద్దాయన అంత సులువుగా వదిలే మనిషి కాదు. 'విప్రనారాయణ'లో నాగేశ్వరరావుకు పాడింది ఏ.ఎం. రాజా కదా, మరి మీ లెక్క ఏమైందని అడిగారు. నిజమే. ఆ సినిమాకు సంగీతం మాత్రం రాజేశ్వరరావే అని జవాబిచ్చాం. "సరే, సగం మనోడే" అని కూర్చున్నారు. ఆ రోజుకు అదే గెలుపు అనుకున్నాం.

డిసెంబరు, జనవరి నెలల్లో బెంగాలీ రచయిత శరత్ బాబు కథల మీద వచ్చిన రెండు సినిమాలు వేశాం. 1953 నాటి 'దేవదాసు'కు హాలు నిండింది. జానపదాల హీరో దేవదాసేమిటని అప్పట్లో పెదవి విరిచినవాళ్ళున్నారట. తాగినవాడి మత్తు కళ్ళ కోసం రాత్రిళ్ళు నిద్ర మానుకుని షూటింగు చేశారన్న మాట మన పెద్దవాళ్ళందరికీ కంఠతా వచ్చు. రెండోది 1961 నాటి 'బాటసారి', భానుమతి గారి సొంత సంస్థ తీసినది. జనం పలచగా వచ్చారు. సగంలో లేచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. నా మటుకు నాకు నటుడిగా ఆయన పనితనం కనిపించేది అందులోనే. దేవదాసు బాధ సీసాలో, దగ్గులో, పాటలో బయటికి కనిపిస్తుంది. బాటసారి సురేంద్ర పరధ్యానం మనిషి, తన ఆకలి కూడా తనకు తెలియదు. అలాంటివాణ్ణి ఏమీ చేయనట్టే చేసి చూపించాలి. ఆయన చూపించారు. తొమ్మిది వేషాల 'నవరాత్రి' వేయమని చాలామంది అడిగారు. అందులో సరదా ఉంది గానీ, ఈ ఏడాదికి దాని చోటు 'బాటసారి'కి ఇచ్చాం.

2024 జనవరి 22కి ఆయన పోయి పదేళ్ళు. ఆ రోజు సభ చిన్నదే. 1974 గురించి మాట్లాడుకున్నాం. ఫిబ్రవరిలో ఘంటసాల కన్నుమూశారు. అదే ఏడాది నాగేశ్వరరావు గారికి అమెరికాలో గుండె ఆపరేషన్ జరిగింది. ఇక ఈయన పని అయిపోయిందనుకున్న రోజుల్లో 1976లో భార్య పేరున స్టూడియో తెరిచారు, 1981లో 'ప్రేమాభిషేకం'తో మళ్ళీ ఊపేశారు. అప్పటికి గొంతు బాలసుబ్రహ్మణ్యానిది. ఫాల్కే, పద్మవిభూషణ్ సంగతులు అందరికీ తెలిసినవే. కాన్సరని తానే పత్రికల వాళ్ళను పిలిచి చెప్పి, కొడుకుతో, మనవడితో కలిసి ఆఖరి సినిమాలో నటించి వెళ్ళిపోయారు.

పాత పాటల పుస్తకాల సేకరణ ఈ ఏడాదే మొదలుపెట్టాం. హాల్లో అణాలకు అమ్మిన పల్చటి పుస్తకాలు ఇవి. కథ సగం చెప్పి "శేషం వెండితెరపై చూడండి" అని ముగించేవారు. గంటస్తంభం దగ్గర పాత సామాను కొట్లో ఒక కట్ట దొరికింది. చెదలు తిన్నవి పోగా మిగిలినవాటికి ప్లాస్టిక్ కవర్లు వేశాం. ఇళ్ళలో అటకల మీద ఉన్నవి తూకానికి వేసేముందు దయచేసి మాకు ఒక మాట చెప్పండి.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు వచ్చాయి. ఒకటి సాలూరి రాజేశ్వరరావు గారి పాటల ఏడాది. రెండోది మన లుకలాం అగ్రహారం అన్నదమ్ములు జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి గార్ల మీద. 'కన్యాశుల్కం' ఆడి ఆడి రామప్ప పంతులుగా, గిరీశంగా ఈ ప్రాంతం మనసులో ఉండిపోయినవాళ్ళు. రెండో ప్రతిపాదన పెట్టింది మన పెద్దాయనే. ఈసారి ఊరితో సంబంధం ఏమిటని ఎవరూ అడగరని ఆయన ధీమా. ఓటు సర్వసభ్య సమావేశంలో పెడతాం. చందా బాకీ ఉన్నవారు ఆలోగా కట్టేస్తేనే ఓటు. కోశాధికారి గారు ఈ విషయంలో మొహమాటపడరు.

కార్యదర్శి